పగలు కట్టు, రాత్రి విడుపు



2024 మార్చి 12న కేంద్ర పశుసంవర్ధక శాఖ నుంచి అన్ని రాష్ట్రాలకూ ఒక లేఖ వెళ్ళింది. క్రూరమైనవిగా పేరుబడ్డ 23 రకాల కుక్కల పేర్లు అందులో ఉన్నాయి. వాటిని అమ్ముకోవడానికీ పెంచుకోవడానికీ లైసెన్సులు ఇవ్వొద్దని, ఇప్పటికే ఇళ్ళలో ఉన్నవాటికి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్లు చేయించాలని దాని సారాంశం. పిట్‌బుల్, రాట్‌వైలర్, టోసా, కాంగల్ అంటూ సాగిన ఆ జాబితాకు చివర ఒక మాట ఉంది. సామాన్యంగా 'బ్యాండాగ్' అని పిలిచే రకం కుక్క ఏదైనా సరే, అది కూడా ఈ లెక్కలోకే వస్తుందని. మరుసటి నెలలోనే కర్ణాటక, ఢిల్లీ హైకోర్టుల్లో ఆ లేఖ నిలవలేదు. ఆ వ్యాజ్యాల సంగతి నేనిక్కడ ఎత్తుకోవడం లేదు. ఆ చివరి మాట గురించి మీతో మాట్లాడాలని వచ్చాను.

ఎందుకంటే ఆ జాబితాలో తక్కిన చాలా పేర్లు ఒక దారి, ఇదొక దారి. రాట్‌వైలర్‌ది జర్మనీలో ఒక ఊరి పేరు. టోసా జపాన్‌లో ఒక సీమ. కాంగల్ తుర్కియేలో ఒక పట్టణం. ఎక్కడ పుట్టిందో, ఎక్కడ పెరిగిందో ఆ చోటు పేరే కుక్కకూ వచ్చింది. బ్యాండాగ్ అనే మాటలో ఊరు లేదు, రంగు లేదు, ఒంటి తీరు లేదు. ఉన్నది గొలుసు ఒక్కటే. ఇంగ్లీషులో 'బ్యాండ్' అంటే కట్టు. 'డాగ్' అంటే కుక్క. కట్టేసిన కుక్క అన్నమాట. మనం 'కట్టుగొయ్య' అన్నట్టే వాళ్ళు 'కట్టుకుక్క' అన్నారు.

రెండు 'డ'లు పక్కపక్కన పడ్డాయి కాబట్టి నోట్లో ఒకటి కరిగిపోయింది. కొంతకాలానికి రాతలోనూ పోయింది. 'బ్యాండ్ డాగ్' కాస్తా 'బ్యాన్ డాగ్' అయింది. బ్యాన్ అంటే ఇంగ్లీషులో నిషేధం, పాతకాలంలో శాపం కూడా. అసలు సంగతి తెలియని చెవికి ఇదేదో నిషేధించిన కుక్కలానో, శాపం తగిలిన కుక్కలానో వినిపిస్తుంది. ఢిల్లీ నుంచి వచ్చిన లేఖలో కూడా రెండు రూపాలూ పక్కపక్కనే ఉన్నాయి. నిషేధం కోసం రాసిన కాగితంలోకి వచ్చి కూర్చున్న ఆ 'బ్యాన్'కి నిషేధంతో పుట్టుక సంబంధమేమీ లేదు. అది తాడు తెగి మిగిలిన ముక్క.

ఇప్పుడు ఆ 'బ్యాండ్' అన్న సగాన్ని కొంచెం దగ్గరగా చూద్దాం. ఉత్తరాది సముద్రాలు దాటి ఇంగ్లండు తూర్పు తీరంలో కాపురాలు పెట్టిన నార్స్ జనం నోట 'బ్యాండ్' అంటే కట్టడానికి వాడేది. ఇంగ్లీషులో 'బైండ్' అన్నా 'బాండ్' అన్నా దాని కుటుంబమే. ఆ కుటుంబం ఇంకా పాతది. కట్టడం అనే అర్థంలో సంస్కృతంలో ఉన్న 'బంధ' ధాతువు, ఇదీ ఒకే మూలం నుంచి పాయలుగా చీలినవి. సంస్కృతానికీ గ్రీకు లాటిన్లకూ ఒకే పుట్టిల్లు ఉండి ఉంటుందని విలియం జోన్స్ కలకత్తాలో 1786లో చెప్పాడు. తర్వాత వందేళ్ళలో పండితులు ఆ చుట్టరికాన్ని వేలాది మాటల్లో వేరు దాకా తవ్వి చూపించారు. ఆ లెక్కన మన నోట రోజూ ఆడే బంధం, బంధువు, సంబంధం, నిర్బంధం అన్నీ ఈ కుక్క మెడలోని గొలుసుకు దాయాదులే.

అంతకంటే నన్ను ఎక్కువ ఆకట్టుకున్నది ఇంకొకటుంది. పారసీకంలోనూ 'బంద్' అంటే కట్టే. బందీ, బందిఖానా, ఊరంతా తలుపులు మూసే బంద్ ఆ దారినే మన దగ్గరకొచ్చాయి. బందోబస్తు కూడా! కట్టడం, బిగించడం అని దాని లోపలి అర్థం. మంత్రిగారు వస్తే పోలీసు బందోబస్తు, జాతర జరిగితే బందోబస్తు. కాపలా అనే పని పాత ఇంగ్లీషు పల్లెలో కుక్క పేరులోకి ఏ వేరు నుంచి ఎక్కిందో, మన పోలీసు స్టేషన్ రోజువారీ భాషలోకీ ఆ వేరు నుంచే ఎక్కింది. తెలుగుకు తనదైన మాట 'కట్టు' ఉండనే ఉంది. అది ద్రావిడ సొత్తు. కట్టు మనది, బంధం సంస్కృతం నుంచి తెచ్చుకున్నది, బందోబస్తు పారసీకం నుంచి వచ్చింది. మూడూ ఒకే వాకిట్లో కాపురం ఉంటున్నాయి.

మరి రెండో సగం? 'డాగ్' అనే మాటకు వేరు దొరకలేదు. పాత ఇంగ్లీషులో కుక్కకు ఊరూవాడా వాడిన మాట 'హండ్'. ఇప్పటి 'హౌండ్' అదే. దానికి చుట్టాలు నిండుగా ఉన్నారు. లాటిన్ 'కానిస్', గ్రీకు 'క్యువోన్', మన శ్వానం, శునకం అన్నీ ఒక ఇంటివే. 'డాగ్' మాత్రం పాత రాతల్లో ఒకటి రెండు చోట్ల తొంగిచూసి, ఎవరి బిడ్డో చెప్పకుండానే పెద్దదై, హౌండ్‌ని వేటకు పరిమితం చేసి ఇల్లంతా తనే ఆక్రమించింది. అంటే బ్యాండాగ్ అనే మాటలో గొలుసుకు వంశవృక్షం ఉంది, కుక్కకు లేదు.

ఈ మాట రాతలో దొరికే పాత చోట్లలో ఒకటి 1440 ప్రాంతంలో నార్ఫోక్ సీమలో ఒక సన్యాసి కూర్చిన ఇంగ్లీషు లాటిన్ నిఘంటువు. పిల్లలకు లాటిన్ నేర్పడానికి తయారైన పుస్తకం అది. బ్యాండాగ్‌కు ఎదురుగా ఆయన పెట్టిన లాటిన్ అర్థం 'మొలోసస్'. గ్రీసుకు వాయవ్యాన ఎపిరస్‌లో మొలోసియన్లనే జనం ఉండేవారు. అలెగ్జాండరు తల్లి ఒలింపియాస్ వాళ్ళ ఆడపడుచే. వాళ్ళ మందల దగ్గర ఉండే భారీ కుక్కలకు ప్రాచీన లోకమంతటా పేరుంది. ఇంగ్లండు పల్లెలో దొడ్డివాకిలి దగ్గర కట్టేసిన కుక్కకు ఆ సన్యాసి అంత గొప్ప పేరు తగిలించాడు.

అదే కుక్కకు అదే కాలంలో ఇంకో పేరు కూడా ఉండేది. మాస్టిఫ్. ఇది ఫ్రెంచి గుండా లాటిన్ నుంచి వచ్చింది. లాటిన్‌లో 'మాన్సుయెటస్' అంటే చేతికి అలవాటుపడినది. మన మాటలో చెప్పాలంటే మచ్చికైనది. ఆ మాట నుంచే మాస్టిఫ్ తయారైంది. ఒకే జంతువు. ఒక పేరు మచ్చికైనదంటుంది, ఇంకో పేరు కట్టేయాల్సినదంటుంది. రెండూ నిజమే. మన ఇంట్లో వాళ్ళకు మచ్చిక, బయటివాళ్ళకు గొలుసు. నా మటుకు నాకు ఈ రెండు పేర్లూ కలిపి చదివితే తప్ప ఆ కుక్క పూర్తిగా కనబడదు. 16వ శతాబ్దపు ఇంగ్లీషువాళ్ళకు మాత్రం ఈ లాటిన్ వేరు తెలియదు. దొంగను దిమ్మెరపోయేలా చేస్తుంది కాబట్టి 'మేజ్ థీఫ్', అదే మాస్టిఫ్ అయిందని వాళ్ళు చెప్పుకున్నారు. భాషాశాస్త్రం ప్రకారం అది తప్పు. ఆ కుక్క చేతిలో పెట్టిన ఉద్యోగం ఏమిటో చెప్పడంలో మాత్రం తప్పు లేదు.

ఇప్పుడొక వైద్యుడి గురించి చెప్పాలి. జాన్ కీజ్. పేరు రాసేటప్పుడు 'కైయస్' అని రాస్తారు, పలికేటప్పుడు 'కీజ్' అంటారు. 1510లో నారిచ్‌లో పుట్టాడు. ముగ్గురు ఇంగ్లండు రాజ్యాధిపతులకు వైద్యం చేశాడు. కేంబ్రిడ్జిలో తను చదువుకున్న కాలేజీకి సొంత డబ్బు పోసి 1557లో మళ్ళీ ప్రాణం పోశాడు. ఆ కాలేజీ ఇప్పటికీ ఆయన పేరు మోస్తోంది. స్విట్జర్లాండులో కొన్రాడ్ గెస్నర్ అనే ప్రకృతి శాస్త్రజ్ఞుడు లోకంలోని జంతువులన్నిటి గురించీ పుస్తకాలు రాస్తూ, మీ దేశపు కుక్కల సంగతి చెప్పమని ఈయన్ని అడిగాడు. ఆ స్నేహం పుణ్యాన లాటిన్‌లో ఒక చిన్న పుస్తకం పుట్టింది. 1570లో అచ్చయింది. అప్పటికి గెస్నర్ పోయి అయిదేళ్ళు. 1576లో ఏబ్రహాం ఫ్లెమింగ్ దాన్ని ఇంగ్లీషులోకి తెచ్చాడు. ఇంగ్లీషులో కుక్కల మీద అచ్చయిన మొదటి పుస్తకంగా దానికి పేరు.

అందులో బ్యాండాగ్ మీద కీజ్ చాలాసేపు ఆగుతాడు. లాటిన్‌లో రెండు పేర్లు చెప్తాడు. 'విల్లాటికస్', అంటే పొలం ఇంటి కుక్క. 'కాటెనారియస్', అంటే గొలుసు కుక్క. బరువైన ఒళ్ళు, మొండితనం, చూడగానే భయం పుట్టే మొహం అని వర్ణిస్తాడు. పగలు వదిలేస్తే జనానికి హాని చేస్తుంది కాబట్టి కట్టేస్తారని కారణం కూడా చెప్తాడు. ఆ తర్వాతే నాకు చాలా ఇష్టమైన భాగం వస్తుంది. ఆ కుక్కకు పనిని బట్టి ఎన్ని పేర్లున్నాయో ఆయన వరసగా చెప్పుకుపోతాడు. కసాయి వెంట నడిచి పశువును తోలుకొచ్చేది కసాయికుక్క. ఉత్తరాన్ని మెడపట్టీ లోపల దాచి ఇంకో ఊరికి చేరవేసేది జాబుల కుక్క. లోతైన బావి దగ్గర చక్రం తిప్పి నీళ్ళు పైకి తెచ్చేది నీళ్ళకుక్క. గిన్నెలకు మాట్లు వేస్తూ ఊళ్ళు తిరిగే కంచరి సంచులు వీపున మోసేది కంచరికుక్క. రాత్రంతా మేలుకుని చంద్రుణ్ణి చూసి మొరిగేది చంద్రకుక్క. నక్కల్ని తరిమేదీ అదే, తోటల్లో పడ్డ పందుల్ని వెళ్ళగొట్టేదీ అదే, ఎద్దు చెవి పట్టుకుని లొంగదీసేదీ అదే.

ఈ జాబితా చదివిన ప్రతిసారీ నాకు ఒకటే అనిపిస్తుంది. ఆ కుక్కకు ఇన్ని పనులుంటే, ఇన్ని పేర్లుంటే, ఇంగ్లీషు భాష నాలుక మీద నిలిచిన పేరు మాత్రం పని చేయనప్పటిది. గొలుసుకు కట్టేసి ఉన్నప్పటిది. అంటే ఆ పేరు పెట్టినవాడు కుక్క యజమాని కాదు. రాత్రి అది తిరుగుతుంటే చూసింది యజమాని. పగలు ఆ వాకిట్లోంచి నడిచివెళ్ళే బాటసారికి, బిచ్చగాడికి, పాలు పోసేవాడికి కనిపించింది గొలుసు. ఈ మాటలో ఉన్నది వాళ్ళ చూపు. గొలుసు ఎంత దూరం వస్తుందోనని కళ్ళతో కొలుచుకుంటూ నడిచేవాడి చూపు.

పగలు కట్టి రాత్రి వదలడం ఇంగ్లీషువాళ్ళు కనిపెట్టింది కాదు. క్రీస్తుకు పూర్వం రెండో శతాబ్దంలో రోములో కేటో వ్యవసాయం గురించి రాస్తూ, కుక్కల్ని పగలు మూసి పెట్టాలని, అప్పుడే అవి రాత్రిళ్ళు చురుగ్గా, మెలకువగా ఉంటాయని చెప్పాడు. ఇది హాని జరుగుతుందని కట్టడం కాదు. పగటి ఓపికనంతా రాత్రికి దాచడం. తర్వాత వచ్చిన కొలుమెల్లా ఇంకా వివరంగా వెళ్ళాడు. ఇంటి కాపలా కుక్క నల్లగా ఉండాలి. పగలు దొంగ దాన్ని చూస్తేనే జడుసుకుంటాడు, రాత్రి చీకట్లో అది వాడికి కనబడదు. మందకాపరి కుక్క మాత్రం తెల్లగా ఉండాలి, లేకపోతే మసక వెలుతుర్లో తోడేలనుకుని దాన్నే కొడతారు. పేరు మరీ పొడుగ్గా ఉండకూడదు, పిలవగానే అందుకునేలా ఉండాలి, రెండక్షరాలకు తగ్గకూడదు. ఆయనిచ్చిన పేర్లలో ఒకటి 'టిగ్రిస్'. అంటే ఆడపులి.

ఆ పేజీ చదువుతున్నప్పుడు మా తాతయ్య గుర్తొచ్చాడు. ఆయన మామిడితోటలో ఉన్న కుక్క నల్లటిది. దాని పేరు టైగర్. తాతయ్యకు కేటో తెలియడు, కొలుమెల్లా తెలియడు. నల్లకుక్క అయితేనే దొంగవెధవలకు కనబడదురా అనేవాడు. పొద్దున్నే వేపచెట్టుకు కట్టేవాడు, రాత్రి భోజనం అయ్యాక వెళ్ళి విప్పేవాడు. చెట్టు చుట్టూ గొలుసు పొడుగున నేల గుండ్రంగా నున్నగా అరిగిపోయి ఉండేది. వర్షాకాలంలో తోటంతా గడ్డి మోకాలెత్తు లేచినా ఆ వలయంలో ఒక్క పరక మొలిచేది కాదు. సెలవులకు వెళ్ళిన పిల్లలం ఆ వలయం అంచు వరకు వెళ్ళి, బొటనవేలు గీత మీద పెట్టి నిలబడేవాళ్ళం. టైగర్ పరుగెత్తుకొచ్చేది. గొలుసు టక్కున బిగిసేది. దాని మూతికీ మా వేళ్ళకూ నడుమ జానెడు. మాకు అది ఆట. దానికి రోజూ అదే నేల, అదే జానెడు.

రోముకు మళ్ళీ వెళ్దాం. వెసూవియస్ అగ్నిపర్వతం బద్దలై పాంపే పట్నం బూడిదలో కూరుకుపోయింది కదా, క్రీస్తుశకం 79లో. అక్కడొక ఇంటి గడపలో రంగురాళ్ళతో నల్లకుక్క బొమ్మ ఉంది, కుక్కతో జాగ్రత్త అని లాటిన్ అక్షరాలతో. ఆ బొమ్మ కుక్క మెడకు కూడా పట్టీ ఉంది, గొలుసుంది. ఇంకో ఇంట్లో నిజం కుక్కే దొరికింది. వెసోనియస్ ప్రైమస్ ఇల్లు అంటారు దాన్ని. గట్టిపడిన బూడిదలో ఒంటి ఆకారంలో ఖాళీ మిగిలితే 1874లో అందులో ప్లాస్టర్ పోసి అచ్చు తీశారు. వెల్లకిలా మెలికలు తిరిగి, కాళ్ళు పైకెత్తి, మెడకు పట్టీతో ఉంది. ఇంట్లోవాళ్ళు వెళ్ళిపోయారు. దాన్ని విప్పినవాళ్ళు లేరు. అది పగటి వేళ.

గొలుసు యజమాని వేసేది. ఇంగ్లండులో దానికి తోడు రాజు వేసే శిక్ష ఇంకొకటి ఉండేది. నార్మన్ రాజులకు వేట ప్రాణం. లేళ్ళు తిరిగే నేలలెన్నో రాజుగారి అడవి కింద లెక్క. చెట్లున్న చోటే అడవి కాదు. పల్లెలు, పొలాలు కూడా ఆ హద్దుల్లోకి వచ్చేవి. అక్కడి రైతుకు దొంగల భయం ఉంది కాబట్టి పెద్దకుక్క కావాలి. పెద్దకుక్క రాజుగారి లేడిని తరిమితే? అందుకని దాని ముందు కాలి మూడు గోళ్ళు నరికేయాలని చట్టం. అరికాలి మెత్త జోలికి పోకూడదు. నడవాలి, మొరగాలి, కాపలా కాయాలి, కానీ లేడి వెంట పరుగెత్తకూడదు. మాస్టిఫ్ జాతి వాటికే ఈ గతి.

1217లో, అప్పటికి పదేళ్ళ వాడైన మూడో హెన్రీ పేరున వెలువడిన అడవి శాసనంలో దీనికొక నిబంధన ఉంది. మూడేళ్ళకొకసారి తనిఖీ. గోళ్ళు తీయని కుక్క దొరికితే దాని యజమాని మూడు షిల్లింగులు కట్టాలి. ఇక మీదట దానికి బదులుగా ఎద్దును పట్టుకుపోకూడదు. ఈ చివరి ముక్క చూడండి. ఎద్దును పట్టుకుపోకూడదని రాయాల్సి వచ్చిందంటే అంతకుముందు పట్టుకుపోయేవాళ్ళనే కదా. కుక్క కాలికి గోళ్ళున్నాయన్న నేరానికి రైతు కాడి ఖాళీ అయిపోయేది. ఆ శాసనాన్ని ఇంగ్లండు పూర్తిగా రద్దు చేసింది 1971లో.

గోళ్ళు తీసే పద్ధతిని జాన్ మాన్‌వుడ్ అనే న్యాయవాది 1598లో అచ్చయిన అడవి చట్టాల పుస్తకంలో వర్ణించాడు. ఎనిమిది అంగుళాల మందం, అడుగు చదరం ఉన్న చెక్కదిమ్మ. దాని మీద కుక్క ముందు కాలు. రెండంగుళాల వెడల్పు ఉలి. పైనుంచి సుత్తితో ఒక్క దెబ్బ. అంతే రాశాడు, కొలతలతో సహా, వడ్రంగం పని రాసినట్టు. పగలంతా గొలుసు, రాత్రి విప్పితే మూడు గోళ్ళు లేని కాలు. కీజ్ తన పుస్తకంలో ఇంకో కథ చెప్తాడు. ఏడో హెన్రీ రాజుగారు, మృగరాజైన సింహం మీదికి తెగబడినందుకు ఈ కుక్కల్ని ఉరితీయమన్నాడట. ప్రజలకు అది పాఠమని కీజ్ ఉద్దేశం.

సింహం మాట వచ్చింది కాబట్టి జంతువుల పోట్లాటల సంగతీ చెప్పాలి, త్వరగా చెప్పి దాటిపోతాను. లండన్‌లో థేమ్స్ నది దక్షిణపు ఒడ్డున, నాటకశాలల పక్కనే, కట్టేసిన ఎలుగుబంటి మీదికి ఈ కుక్కల్ని ఉసిగొల్పి జనం డబ్బిచ్చి చూసేవాళ్ళు. ఎలుగుకు మూడు కుక్కలు చాలు, సింహానికి నాలుగు అని కీజ్ లెక్క. 1575లో కెనిల్‌వర్త్ కోటలో ఎలిజబెత్ రాణి ఎదుట పదమూడు ఎలుగుల్ని కట్టారు. 1614లో బెన్ జాన్సన్ కొత్త నాటకం ఆడిన 'హోప్' నాటకశాలలో కొన్ని రోజులు నాటకం, కొన్ని రోజులు ఎలుగుల పోట్లాట. ఎలుగూ గొలుసు మీదే, కుక్కా గొలుసు మీద పెరిగిందే. 1835లో పార్లమెంటు చట్టం చేసి ఆపించింది.

ఆ నది ఒడ్డు నాటకాల్లోనే ఈ మాటకు కొత్త అర్థాలు పట్టాయి. షేక్‌స్పియర్ తొలినాళ్ళ నాటకం 'ఆరో హెన్రీ' రెండో భాగంలో రాత్రిపూట దయ్యాన్ని పిలిచే సన్నివేశం ఒకటుంది. మంత్రగాడు ముహూర్తం చెప్తూ, గుడ్లగూబలు కూసే వేళ, బ్యాండాగులు ఊళపెట్టే వేళ అన్న అర్థం వచ్చేలా మాట్లాడతాడు. ఇక్కడ ఆ మాట జంతువుని చూపించడం లేదు, గడియారం పని చేస్తోంది. పల్లెటూళ్ళో పెరిగిన ప్రేక్షకుడికి ఆ ఒక్క మాటతో ఊరు సద్దుమణిగిన నడిరేయి చెవిలో పడుతుంది. మన ఊళ్ళలో తొలికోడి కూసే వేళ అంటే ఎంత పొద్దో చెప్పక్కర్లేదు కదా, అలాగ.

థామస్ డెక్కర్ రాసిన చెప్పులు కుట్టేవాళ్ళ నాటకం ఒకటుంది, 1600లో అచ్చయింది. అందులో యజమాని పొద్దున్నే లేచి పనివాళ్ళ మీద గొంతు చించుకుంటుంటే, ఒక పనివాడు మీరు బ్యాండాగూ బెడ్‌లమూ మాట్లాడుతున్నారేమిటని అడుగుతాడు. బెడ్‌లం లండన్‌లోని పిచ్చాసుపత్రి. కట్టేసిన కుక్క అరుపు ఒకటి, కట్టేసిన మనుషుల కేకలు ఇంకొకటి. రెండూ కలిపి ఒళ్ళు తెలియని అరుపుకు పేరైపోయాయి. అప్పట్లో ఆ ఆసుపత్రిలోనూ మనుషుల్ని గొలుసులతో ఉంచేవారన్నది తెలిసినప్పుడు ఆ జంట మాట వేరే విధంగా వినిపిస్తుంది.

1785లో ఫ్రాన్సిస్ గ్రోస్ లండన్ వీధుల మోటు మాటలకు నిఘంటువు తెచ్చాడు. అందులో బ్యాండాగ్‌కు మొదటి అర్థం కుక్క కానే కాదు. కోర్టు అమీనా, లేదా వాడి వెంట వచ్చే బంట్రోతు. అప్పుతీర్చనివాణ్ణి పట్టుకుపోవడానికి వచ్చేవాడు. భయంకరమైన మాస్టిఫ్ అన్నది రెండో అర్థం. జనం ఎంత సూటిగా పేరు పెట్టారో ఆలోచించండి. గుమ్మంలో నిలబడ్డవాడు తన ఇష్టంతో రాలేదు. ఎవరో పట్టుకున్న గొలుసు చివర ఉన్నాడు. పళ్ళు వాడివి, చెయ్యి ఇంకొకరిది. ఆ తేడా లండన్ పేదవాడికి తెలుసు.

ఆ తర్వాత మాట ఇంకో మలుపు తిరిగింది. 1790లో థామస్ బ్యూయిక్ చతుష్పాద జంతువుల పుస్తకం వేశాడు. చెక్క మీద చెక్కి అచ్చొత్తిన ఆయన బొమ్మలు ఇప్పటికీ చూడముచ్చటగా ఉంటాయి. అందులో మాస్టిఫ్ వేరు, బ్యాండాగ్ వేరు. బ్యాండాగ్ కొంచెం చిన్నది, తేలికైనది, చురుకైనది, బొచ్చు గరుకు అంటాడు. మూడువందల ఏళ్ళు ఏ పెద్దకుక్కను కట్టేస్తే దానికి వచ్చిన పేరు, ఇప్పుడు విప్పేసినా ఊడని పేరైంది. స్థితి పోయి జాతి అయింది. 19వ శతాబ్దంలో కుక్కల ప్రదర్శనలు మొదలై, వంశావళులు రాసే పుస్తకాలు వచ్చాక మాస్టిఫ్‌కు అందులో చోటు దొరికింది. బ్యాండాగ్‌కు దొరకలేదు. వాల్టర్ స్కాట్ లాంటి నవలాకారులు పాతకాలపు కోటల గుమ్మాల్లో దాన్ని కట్టి ఉంచారు కాబట్టి మాట బతికింది.

1960ల్లో అమెరికాలో జాన్ స్విన్‌ఫోర్డ్ అనే పశువైద్యుడు పిట్‌బుల్‌నీ నేపుల్స్ మాస్టిఫ్‌నీ కలిపి కాపలాకు కొత్తరకం కుక్కను తయారు చేయడం మొదలుపెట్టాడు. దానికి పేరు కావలసివచ్చింది. పాత పుస్తకాల్లోంచి ఈ మాటను లేపి పెట్టారు. అక్కణ్ణుంచి అది రకరకాల భారీ సంకరాలకు పేరైంది. ఆ పేరే దేశాలు దాటి 2024లో మన రాష్ట్రాల సచివాలయాలకు చేరింది. చేరేసరికి దానర్థం, పుట్టుకతోనే ప్రమాదమైన ఒక జాతి. నా బాధంతా ఇక్కడే. కట్టడం అనే పని మనిషిది. ఆ పనికి పెట్టిన పేరు ఆరువందల ఏళ్ళలో నెమ్మదిగా జంతువు రక్తంలోకి జారిపోయింది. ఆ మాటకున్న అసలు అర్థమే పట్టుకుంటే, ఈ రాత్రి మీ వీధిలో గేటు వెనక గొలుసుకు ఉన్న నాటుకుక్క కూడా బ్యాండాగే. ఏ జాబితాలోనూ లేని కుక్క.

మొన్న సంక్రాంతికి తోట చూడడానికి వెళ్ళాను. తోట చేతులు మారి చాలా ఏళ్ళయింది, కొన్నవాళ్ళు తెలిసినవాళ్ళే. వేపచెట్టు ఉంది, బాగా లావెక్కింది. చుట్టూ ఉండే ఆ వలయం పోయి గడ్డి మొలిచింది. టైగర్ గొలుసు కొక్కేన్ని తాతయ్య ఏ ఎత్తున చుట్టాడో నాకు గుర్తుంది, వెతికాను. చుట్టిన ఇనుపతీగను చెట్టు బెరడు కమ్మేసింది. ఒక చోట మాత్రం రెండు లింకులు బయటికి వేలాడుతున్నాయి, తుప్పుపట్టి. లాగి చూశాను. రాలేదు.